అట్ట ముందు, కథ వెనక



బొమ్మల గురించి రేడియోలో మాట్లాడటమంటే ఉపవాసం రోజున పెళ్ళి భోజనాన్ని వర్ణించడం లాంటిది. మీకు చూపించడానికి మాట తప్ప నా దగ్గర ఏమీ లేదు. కాబట్టి ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి.

జూలో ఒక బోను. బోనులో గొరిల్లా. చువ్వలకు ఇవతల ఒక అమ్మాయి. ఆ గొరిల్లా ఆమెకు ఏదో రాసి చూపిస్తోంది. నన్ను నమ్ము, నేను ఫలానా వాణ్ణి, ఘోరమైన ప్రయోగం ఏదో చేసి నన్నిలా మార్చేశారు అని ఆ రాత సారాంశం. కింద సంతకం కూడా ఉంది! అంతే బొమ్మ. 1951లో అమెరికాలో వచ్చిన ‘స్ట్రేంజ్ అడ్వెంచర్స్’ అనే కామిక్స్ పత్రిక ఎనిమిదో సంచిక అట్ట అది. వెల పది సెంట్లు.

జేబులో పది సెంట్లున్న పన్నెండేళ్ళ కుర్రాడు ఆ పుస్తకాన్ని బడ్డీ కొట్లో వదిలేసి ఇంటికి పోగలడా? పోయినా నిద్ర పడుతుందా? ఆ అమ్మాయి నమ్మిందా లేదా? అసలు గొరిల్లాకు చదువెలా వచ్చింది? సంచిక ఎన్నడూ లేనంతగా అమ్ముడుపోయింది. ఎందుకు పోయిందా అని ఆ పత్రిక వేసే కంపెనీలో అందరూ తలలు గోక్కుని, చివరికి గొరిల్లా ఉంది కనుక పోయిందని తేల్చారు. ఇక చూస్కోండి. సూపర్‌మాన్ పుస్తకం మీద గొరిల్లా, బాట్‌మాన్ పుస్తకం మీద గొరిల్లా, యుద్ధం కథల పుస్తకం మీదా గొరిల్లా. ప్రతి సంపాదకుడూ నాకో గొరిల్లా కావాలనేవాడే. చివరికి కంపెనీ పెద్ద ఇర్విన్ డోనెన్‌ఫెల్డ్, నెలకు ఒక్క గొరిల్లాకు మించి కుదరదని హద్దు పెట్టాడట. రేషన్ షాపులో చక్కెర లాగా. ఈ సంగతి ఆ పత్రిక సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ తర్వాతి రోజుల్లో నవ్వుతూ చెప్పుకునేవాడు.

నాకు ఈ అట్టల పిచ్చి పట్టింది మన హైదరాబాద్ ఆబిడ్స్‌లో. ఆదివారం షాపులు మూసి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ. కాలేజీ రోజులు. ఒక ఇంగ్లీషు కామిక్ కనిపించింది. అట్ట మీద ఒక మనిషి తల పైకెత్తి, నోరు తెరిచి, చేతులు అడ్డం పెట్టుకుని భయంతో అరుస్తున్నాడు. దేన్ని చూసి? అది తెలియదు. అట్ట పైభాగం లేదు. ఎవరో స్కేలు పెట్టి కోసినట్టు అడ్డంగా, నీటుగా కోసేశారు. పుస్తకం పేరు సైతం పోయింది. పై ముక్క లేదు కదా, ధర తగ్గించమని నేను. లోపల కథంతా ఉంది కదా, ఎందుకు తగ్గించాలని అతను. బేరం రెండు రూపాయల దగ్గర తెగింది.

ఏ అల్లరి పిల్లాడో కత్తెర పెట్టాడనుకున్నాను. అసలు సంగతి చాలా ఏళ్ళకు తెలిసింది. అమెరికాలో ఆ రోజుల్లో అమ్ముడుపోని కామిక్స్‌ని షాపువాడు డిస్ట్రిబ్యూటర్‌కి తిరిగి ఇచ్చేయవచ్చు. అయితే పుస్తకాలన్నీ మోసుకెళ్ళడం దండగ. అందుకని అట్ట మీద పత్రిక పేరున్న పై ముక్క మాత్రం కోసి పంపితే చాలు, డబ్బు వెనక్కి వచ్చేది. మిగిలిన పుస్తకాన్ని చిత్తు కింద పారేయాలి. పారేస్తారా మరి? ఏ దేశంలో వ్యాపారయినా వ్యాపారే. ఆ మొండి పుస్తకాలు సగం ధరకీ పావు ధరకీ ఎక్కడెక్కడికో వెళ్ళేవి. నాదీ అలా వచ్చినదే అయి ఉండాలి.

ఆ పై ముక్కకే అంత విలువ ఎందుకంటే, అక్కడి స్టాండులో పుస్తకాలు ఒకదాని వెనక ఒకటి వరసగా పేర్చి ఉండేవి. కొనేవాడికి కనిపించేది ప్రతి పుస్తకంలోనూ పై మూడో వంతే. మన బస్టాండు బడ్డీలో దండెం మీద పత్రికలు వేలాడదీస్తారు చూడండి, అక్కడ కనీసం బొమ్మంతా కనిపిస్తుంది. అమెరికా కుర్రాడు ఆ జానెడు చూసి చేయి చాపాలి, పుస్తకం పైకి లాగాలి, అట్ట మొత్తం చూడాలి, ఇక పెట్టలేక కొనెయ్యాలి. ఈ తతంగానికి చిత్రకారుడికి దొరికే వ్యవధి రెండు మూడు సెకన్లు. వాళ్ళ వింత ఆలోచనలన్నీ ఈ ఇరుకులో పుట్టినవే.

వాటిలో అన్నిటికన్నా వింతైనది నా దృష్టిలో ఇది. కథ రాకముందే అట్ట గీసేయడం.

మనకు తెలిసిన పద్ధతి ఏమిటి? రచయిత కథ రాస్తాడు, చిత్రకారుడు చదువుతాడు, అందులో ఒక ఘట్టం ఎంచుకుని ముఖచిత్రం వేస్తాడు. ష్వార్ట్జ్ దీన్ని తలకిందులు చేశాడు. ఆయన అంతకుముందు సైన్స్ ఫిక్షన్ రచయితలకు ఏజెంటుగా పనిచేసినవాడు. రే బ్రాడ్‌బరీ తొలినాటి కథలు అమ్మిపెట్టింది ఆయనే. చౌక కాగితం కథల పత్రికల్లో ఒక అలవాటు ఉండేది. అట్టకు మంచి బొమ్మ దొరికితే ముందు కొనేసి, దానికి తగిన కథ రాయమని తర్వాత ఎవరో రచయితకు పురమాయించేవారు. ష్వార్ట్జ్ ఆ అలవాటును కామిక్స్‌లోకి తెచ్చాడు. చిత్రకారుడితో కూర్చుని, అసాధ్యమైన పరిస్థితి ఒకటి ఊహించమనేవాడు. కథానాయకుడు ఇక బతికి బయటపడడు అనిపించాలి, లేదా జరిగేది బొత్తిగా అర్థం కాకూడదు. బొమ్మ అయ్యాక రచయితల్లో గార్డ్‌నర్ ఫాక్స్‌నో జాన్ బ్రూమ్‌నో పిలిచి, ఇది ఎలా జరిగిందో నువ్వు చెప్పు అనేవాడు.

మన అవధానంలో సమస్యాపూరణం ఇలాంటిదే. పృచ్ఛకుడు అడ్డదిడ్డమైన అర్థం వచ్చే పాదం ఒకటి ఇస్తాడు. అవధాని మిగతా మూడు పాదాలు అల్లి దానికి దారి చూపించాలి. ఇక్కడ పృచ్ఛకుడు చిత్రకారుడు. పాదం బదులు బొమ్మ ఇస్తాడు, అంతే తేడా.

ష్వార్ట్జ్‌కి ఈ ఆటలో సరిజోడు కార్మైన్ ఇన్‌ఫాంటినో. బ్రూక్లిన్‌లో 1925లో పుట్టినవాడు. చేయి ఎంత వేగమో ఆలోచన అంత వేగం. సంపాదకుణ్ణి ఇరకాటంలో పెట్టే అట్ట గీసి బల్ల మీద పడేయడం అంటే అతనికి సరదా. మెరుపులా పరిగెత్తే ‘ఫ్లాష్’ అనే వీరుడు కొత్త రూపంలో వచ్చింది 1956లో, ‘షోకేస్’ నాలుగో సంచికలో. ఆ అట్ట అతనిదే. వేగాన్ని కదలని బొమ్మలో ఎలా చూపిస్తారు? మామూలు వాళ్ళయితే మనిషి వెనక నాలుగు గీతలు గీస్తారు. ఇన్‌ఫాంటినో ఒక సినిమా రీలు గీశాడు. ఒక్కో ఫ్రేములో ఫ్లాష్ పరిగెత్తుతున్నాడు. చివరి ఫ్రేము దగ్గర ఫిల్ముని చించుకుని బయటికి, మన మీదికి దూకుతున్నాడు. పట్టుకుందామన్నా కెమెరాకు దొరకని వేగం అన్నమాట. బొమ్మతోనే చెప్పేశాడు.

1961లో ‘ఫ్లాష్’ 123వ సంచిక. దీన్ని కాస్త నిదానంగా ఊహించుకోండి. కట్టడం పని జరుగుతున్న చోటు. పైనుంచి ఇనుప దూలం పడుతోంది. కింద ఒక మనిషి, కాపాడమని కేక వేస్తున్నాడు. నడుమ ఒక గోడ. గోడకు ఒక పక్క ఎర్ర దుస్తుల కొత్త ఫ్లాష్ పరిగెత్తుకొస్తున్నాడు. రెండో పక్క, తల మీద రెక్కలున్న లోహపు టోపీతో ఇంకో ఫ్లాష్. ఇతను 1940 నాటివాడు. పుస్తకం ఆగిపోయి పదేళ్ళు దాటింది, పిల్లలు మరిచిపోయారు. ఇద్దరూ ఒకేసారి ఒకే మనిషి కోసం వస్తున్నారు. గోడ అడ్డం కనుక ఒకరినొకరు చూడటం లేదు. ఇద్దరూ కనిపిస్తున్నది మనకొక్కరికే!

ఈ చిక్కుముడికి గార్డ్‌నర్ ఫాక్స్ చెప్పిన సమాధానం ఏమిటో తెలుసా? రెండు భూములున్నాయి, ఒకే చోట, ఒకదాన్ని ఒకటి తాకకుండా. పాత ఫ్లాష్ ఆ భూమి మీదివాడు, కొత్త ఫ్లాష్ ఈ భూమి మీదివాడు. మరి ఆ భూమి కథలు ఇక్కడ పుస్తకాలుగా ఎలా వచ్చాయి? ఫాక్స్ అనే రచయిత నిద్రపోయినప్పుడు అతని మనసు ఆ లోకంతో కలిసేదట, లేచి రాసేసేవాడట. అంటే రచయిత తన పేరునే కథలోకి లాక్కొచ్చాడు. ఇవాళ హాలీవుడ్ సినిమాల్లో బహుళ విశ్వాలని ఒక వీరుడికి ముగ్గురు వీరుల్ని చూపిస్తున్నారు కదా, ఆ దారి వేసినవాటిలో ఈ గోడ బొమ్మ ఒకటి.

అయినా నాకు ఇంకా ఇష్టమైనది 1966 నాటి 163వ సంచిక. ఆ అట్ట మీద యుద్ధం లేదు, దుర్మార్గుడు లేడు, పడే దూలం లేదు. ఫ్లాష్ నేరుగా మన ముఖంలోకి చూస్తూ అరచెయ్యి అడ్డం పెట్టాడు. ట్రాఫిక్ పోలీసు ఆపినట్టు. ఆగు, ఈ సంచికను దాటిపోకు, నా ప్రాణం నీ చేతుల్లో ఉంది అంటున్నాడు. అమ్మకం కోసం చేసిన బేరమే, కాదనను. అయినా ఎంత తెగువ! లోపలి కథ కూడా ఆ చేతిని నిజం చేసింది. ఊళ్ళో జనమంతా అతను ఉన్నాడన్న సంగతిని నమ్మడం మానేస్తే, అతను నెమ్మదిగా మాసిపోతూ ఉంటాడు. చదివేవాళ్ళు నమ్మితేనే వీరుడు ఉన్నట్టు.

ఇదంతా వినేసరికి మొదటినుంచీ అట్టలు ఇంత గడుసువని అనుకోవద్దు. 1938లో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక అట్టలో గడుసుదనం అసలు లేదు. జో షుస్టర్ గీశాడు. నీలం బట్టలు, ఎర్ర అంగవస్త్రం వేసుకున్న ఒకడు ఆకుపచ్చ కారును పైకెత్తి బండకేసి కొడుతున్నాడు. ముందు ఒకడు తల పట్టుకుని పారిపోతున్నాడు. ఆ బలశాలి ఎవరు, మంచివాడా చెడ్డవాడా, ఒక్క అక్షరం లేదు. సూపర్‌మాన్ అన్న పేరు కూడా అట్ట మీద లేదు. ప్రచురణకర్త హారీ డోనెన్‌ఫెల్డ్‌కి అది చూసి కంగారు పుట్టింది. మనిషి కారెత్తడమేమిటి, జనం నవ్వరూ అని. తర్వాతి సంచికల అట్టల మీద సూపర్‌మాన్‌ని వేయనివ్వలేదు. మళ్ళీ అతను అట్టకెక్కింది ఏడో సంచికలోనే. ఈలోపు పిల్లలు కొట్టుకొచ్చి, ఆ కారెత్తేవాడి పుస్తకం కావాలని అడుగుతున్నారని తెలిసింది.

ఇక తెగువంటే చిత్రకారులు జాక్ కర్బీ, జో సైమన్‌లది. ఇద్దరూ యూదు కుటుంబాల పిల్లలు. ‘కెప్టెన్ అమెరికా’ మొదటి సంచిక మీద తేదీ 1941 మార్చి అని ఉన్నా, బజారులోకి వచ్చింది 1940 డిసెంబరులో. అప్పటికి అమెరికా యుద్ధంలోకి దిగలేదు. పర్ల్ హార్బర్ ఇంకా ఏడాది దూరం. మనకెందుకొచ్చిన గొడవ అనేవాళ్ళు ఆ దేశంలో బోలెడుమంది. ఆ సమయంలో వీళ్ళు అట్ట మీద హిట్లర్ దవడ పగలగొట్టించారు. ఊహలోని రాజ్యానికి ఊహలోని నియంత కాదు, అక్కడ బెర్లిన్‌లో బతికి కూర్చున్న మనిషి. నచ్చినవాళ్ళు ఎగబడి కొన్నారు. నచ్చనివాళ్ళు బెదిరింపు ఉత్తరాలు రాశారు. ఆఫీసుకు పోలీసు కాపలా పెట్టవలసి వచ్చిందనీ, న్యూయార్క్ మేయర్ లగ్వార్డియా ఫోను చేసి ధైర్యం చెప్పాడనీ సైమన్ తర్వాత రాసుకున్నాడు. ఆ అట్ట మీద వీరుడి డాలు మూలలున్న డాలు. రెండో సంచికకల్లా గుండ్రమైంది. ఇంకో కంపెనీ వీరుడి గుర్తును పోలి ఉందని వాళ్ళు తగాదా పెట్టుకుంటే మార్చారు. ఇవాళ ప్రపంచమంతా పిల్లలు ఆడుకునే గుండ్రటి డాలు అలా ఒక తగువులో పుట్టింది.

యుద్ధకాలంలో అలెక్స్ షోంబర్గ్ అని ఒకాయన ఉండేవాడు, ప్యూర్టోరికోలో పుట్టినవాడు. ఆయన అట్టలో ఖాళీ స్థలం వెతకాలంటే భూతద్దం కావాలి. ఫిరంగులు, చక్రాలు, ఉక్కు సంకెళ్ళు, ముసుగు సైనికులు, మధ్యలో మంటలు. తర్వాత బ్రష్ పక్కనపెట్టి, గాలితో రంగు చిమ్మే పద్ధతి పట్టుకుని నున్నటి అట్టలు చేశాడు. వాటికి సంతకం కూడా మార్చాడు. అలెక్స్ అనే తన పేరును ఇంగ్లీషులో తిరగేసి రాసుకున్నాడు.

అట్ట అమ్మించడమే కాదు, కోర్టు మెట్లు కూడా ఎక్కించగలదు. 1954 ఏప్రిల్ 21న న్యూయార్క్ ఫోలీ స్క్వేర్ కోర్టు భవనంలో సెనేట్ ఉపసంఘం విచారణ. కామిక్స్ పిల్లల్ని పాడుచేస్తున్నాయా అని. ఈసీ కంపెనీ యజమాని విలియం గెయిన్స్ తనంతట తనే సాక్ష్యం ఇస్తానని వచ్చాడు. సెనేటర్ కెఫావర్ ఒక అట్ట పైకెత్తి పట్టుకున్నాడు. జానీ క్రెయిగ్ గీసినది. పిల్లలు కూడా వింటూ ఉంటారు కనుక సగమే చెబుతాను. ఒక మనిషి, ఒక చేతిలో గొడ్డలి, ఇంకో చేతిలో ఒక తల. ఇది సదభిరుచేనా అని అడిగాడు సెనేటర్. భయానక కథల పుస్తకానికి సదభిరుచే అన్నాడు గెయిన్స్. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ తలను ఇంకాస్త పైకి పట్టుకుని నెత్తురు కారుతున్నట్టు చూపిస్తే అప్పుడు చెడ్డ అభిరుచి అయ్యేదని వివరించాడు. మర్నాడు పత్రికలు వదులుతాయా!

పాపం గెయిన్స్ చెప్పిందాంట్లో నిజముంది. క్రెయిగ్ మొదట గీసినది ఇంకా ఘోరంగా ఉంటే, ఆయనే తగ్గించమన్నాడు. అయితే అరగీత కింద, అరగీత పైన అనే లెక్కలు బొమ్మలేసేవాళ్ళకు అర్థమవుతాయి గానీ సెనేటర్లకు కావు. ఆ ఏడాదే చాలామంది ప్రచురణకర్తలు కలిసి నియమావళి ఒకటి పెట్టుకున్నారు. పేరులో భయానకం అన్న మాట కూడా ఉండకూడదు. అంగీకరించిన అట్టల మీద మూలన తపాలా బిళ్ళంత ముద్ర. గెయిన్స్ పుస్తకాలు దాదాపు అన్నీ మూతపడ్డాయి. మిగిలింది హాస్యం పుస్తకం ‘మాడ్’.

‘మాడ్’ సంపాదకుడు హార్వీ కర్ట్జ్‌మన్ చిలిపితనం చూడండి. 1955లో వచ్చిన ఇరవయ్యో సంచిక అట్టను అచ్చం బడిపిల్లల నోటుపుస్తకం అట్టలా వేశాడు. నలుపు తెలుపు మచ్చలు, మధ్యలో పేరు రాసుకునే చీటీ. క్లాసులో మాస్టారికి కనిపించకుండా చదువుకోవడానికి! అందరి అట్టలూ నన్ను చూడు, నన్ను చూడు అని అరుస్తుంటే ఈయన అట్ట దాక్కుంది. దాక్కునే అట్టను అంగట్లో ఎవరు చూస్తారు అని యజమాని అడగలేదో, అడిగినా ఈయన వినలేదో.

మన చందమామ పత్రికకు వపా, అంటే వడ్డాది పాపయ్యగారు, వేసిన ముఖచిత్రాలు చూస్తూ పెరిగినవాణ్ణి నేను. ఆ బొమ్మ ముందు కళ్ళు కుదురుగా కూర్చునేవి. వపాగారి రంగులకు తొందర లేదు. ఈ అమెరికా అట్టలు చొక్కా పట్టుకుని లాగుతాయి. ఏది గొప్ప అని అడిగితే వపాగారి వైపే నా ఓటు. కానీ చొక్కా లాగించుకోవడమూ ఒక సుఖమే.

ఈ అట్టల్లో రంగులు ఎవరు వేశారో ఎవరూ అడగరు. మేరీ సెవరిన్ ఈసీ కంపెనీలో రంగులు చూసేది. లోపలి పేజీల్లో మరీ రోత పుట్టించే చోట ముదురు నీలం పోసి కప్పేసేదని తోటివాళ్ళు ఏడిపించేవారు. తర్వాత మార్వెల్ కంపెనీలో బొమ్మలు గీసింది. 1968లో అక్కడి హల్క్ అనే వీరుడి ప్రత్యేక సంచికకు జిమ్ స్టెరాంకో అట్ట వేశాడు. అతను కుర్రతనంలో సంకెళ్ళు విప్పుకునే ఇంద్రజాలం చేసినవాడు. పత్రిక పేరును పెద్ద పెద్ద రాతి అక్షరాలుగా గీసి, దాన్ని హల్క్ వీపు మీద పెట్టాడు. అక్షరాలు బీటలు వారుతున్నాయి, రాళ్ళు రాలుతున్నాయి, అతను మోస్తున్నాడు. మామూలుగా పత్రిక పేరు బొమ్మకు పైన ఉండేది, బొమ్మ కింద ఉండేది. ఇక్కడ పేరే బొమ్మలో బరువైంది. స్టెరాంకో గీసిన ముఖం మరీ రాక్షసంగా ఉందని కంపెనీవాళ్ళు భయపడితే, ముఖం మాత్రం మేరీ సెవరిన్ మళ్ళీ గీసింది. ఆ అట్ట పై ముక్క కోసి పంపిన షాపువాళ్ళు కూడా ఉండే ఉంటారు. మోయడానికి ఏమీ లేకుండా వంగి నిలబడ్డ హల్క్‌ని తలచుకుంటే నాకు నవ్వొస్తుంది.

నా ఆబిడ్స్ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. తల పైకెత్తి అరుస్తున్న ఆ మనిషి దేన్ని చూశాడో తెలుసుకుందామని కొన్న రాత్రే కథంతా చదివాను. మర్నాడు మళ్ళీ చదివాను. ఆ ఘట్టం కథలో లేదు. అసలు ఆ మనిషే కథలో లేడు.